పాత జీపు ఊపిరి: ధూళి సీమలో వాయుమార్గమును సవరించు విధము

"ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకొని బ్రతుకవచ్చు" నను సామెత మనుష్యులకే గాక యంత్రములకును వర్తించును. తొండూరు, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు ప్రాంతములలో ఒక యింటి ముందర పాత జీపు నిలిచియున్నదనిన, అది విలాసవస్తువు కాదు. తోటకు ఎరువు చేర్చుటకును, చీనీకాయలను మార్కెట్టుకు తోలుటకును, అపరాత్రివేళ రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకును అదియే ఆధారము. దాని ఇంజను చెడినచో ఒక కుటుంబపు రాబడి కొన్ని నెలలపాటు నిలిచిపోవును.

ఇట్టి పాత జీపులకు గాలి లోనికి పోవు మార్గమును మార్చు అలవాటు నేడు యువకులలో పెరుగుచున్నది. పికప్ పెరుగునని కొందరు ఎయిర్ క్లీనరును తీసివేయుచున్నారు. మరికొందరు పాతదానిని తొలగించి కాగితపు ఫిల్టరును అమర్చుచున్నారు. ఇంకను కొందరు గొట్టమును అద్దము ప్రక్కగా పైకి లేపుచున్నారు. వీనిలో ఏది మేలు, ఏది కీడు అని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. తెలుగు బోధించువానికి యంత్రముల ప్రసక్తి యేల యని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. షెడ్డులలో పనిచేయు మన పిల్లలకు ఈ భాగముల పేర్లన్నియు తెలియును. అవి అట్లేల యున్నవో తెలుగులో విడమరచి చెప్పు వ్రాతలు మాత్రము అరుదు. ఆ కొరతను కొంతయైనను తీర్చవలెనని నా కోరిక.

1. ఇంజను ఎంత గాలి పీల్చును?

1980లలో మహీంద్రా ఎం.ఎం. 540 జీపునకు అమర్చిన ప్యూజో డీజిల్ ఇంజనును ఉదాహరణముగా తీసికొందము. దానికి సిలిండర్లు నాలుగు. ఒక్కొక్క సిలిండరు వ్యాసము 90 మిల్లీమీటర్లు, పిస్టను కదలిక 83 మిల్లీమీటర్లు. లెక్క కట్టినచో మొత్తము ఘనపరిమాణము 2,112 ఘన సెంటీమీటర్లగును. ప్రతి సిలిండరును రెండు చుట్లకొకమారు గాలిని పీల్చును గనుక, నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు ఇంజను 1,500 మారులు నిండవలెను. అది ఎన్నడును సంపూర్ణముగా నిండదు. నూటికి 85 వంతులు నిండునని అనుకొన్నను నిమిషమునకు సుమారు 2,700 లీటర్ల గాలి లోనికి పోవును. విశ్రాంతిగా కూర్చున్న మనిషి నిమిషమునకు పీల్చునది ఏడు లీటర్ల వరకు మాత్రమే. అనగా ఈ చిన్న ఇంజను ఇంచుమించు 380 మంది పీల్చునంత గాలిని పీల్చుచున్నది. గంటకు లెక్కించినచో 160 ఘనమీటర్లు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు గల గదులు ఐదారింటిలోని గాలి యంతయు ఒక్క గంటలో ఇంజను గుండా పోవును.

ఇచ్చట ఒక ముఖ్యవిషయమును గుర్తింపవలెను. సాధారణ డీజిల్ ఇంజనులో బలమును నిర్ణయించునది చిమ్మబడు డీజిల్ పరిమాణమేగాని గాలి కాదు. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండుటకు సుమారు పదునాలుగున్నర కిలోల గాలి కావలెను. డీజిల్ ఇంజను ఎల్లప్పుడును అంతకంటె ఎక్కువ గాలినే పీల్చుచు నడచును. ఉన్న గాలియే మిగులుచుండగా మరికొంత గాలిని చేర్చినంతమాత్రమున బలము పెరుగదు. శోధకమును తీసివేసినపుడు వినవచ్చు పెద్ద హోరు బలమునకు గుర్తు కాదు. అంతకుముందు ఆ శబ్దమును శోధకపు డబ్బా అణచియుంచెను, అంతియే.

2. మన నేలలోని ధూళి

గాలితోపాటు లోనికి పోవు ధూళి అన్ని ఊళ్లలోను ఒక్కటి కాదు. మన ప్రాంతపు రాళ్లను గూర్చి భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లోనే ఒక గ్రంథమును ప్రకటించెను. కడప భూగర్భ శ్రేణిలోని ఒక శిలావర్గమునకు శాస్త్రజ్ఞులు పులివెందుల క్వార్ట్‌జైట్ అనియే పేరు పెట్టిరి. గండికోట పేరను మరియొక క్వార్ట్‌జైట్ కలదు. క్వార్ట్‌జైట్ అనగా మనము పలుగురాయి అని పిలుచు ఖనిజపు రేణువులు గట్టిపడి ఏర్పడిన శిల. ఖనిజముల కాఠిన్యమును కొలుచు మోస్ కొలమానముపై ఆ ఖనిజము స్థానము 7. మన నాపరాతిలోని సున్నపు ఖనిజమునకు 3 మాత్రమే.

సిలిండరు గోడ పోత ఇనుముతో చేయబడినది. పలుగురాతి పొడి దానికంటె ఎంతయో గట్టిది. పిస్టను రింగునకును గోడకును నడుమ నుండు నూనెపొర కొన్ని మైక్రానుల మందమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. సుమారు 5 నుండి 20 మైక్రానుల వరకు గల రేణువులు ఆ సందులో చిక్కుకొని సానరాయివలె గోడను, రింగులను అరగదీయును. అవి కంటికి కనబడనంత చిన్నవి. కనుకనే "నా బండిలోనికి దుమ్మేమియు పోవుటలేదు" అని యజమాని నిశ్చింతగా నుండును. రింగులు అరిగిన తరువాత మండిన వాయువులు క్రిందికి జారి బ్రీదరు గొట్టమునుండి పొగ వచ్చును. పీడనము తగ్గి ఉదయమున బండిని తోయవలసి వచ్చును. ఇంజను నూనె మండి నీలిపొగ కనబడును. అప్పటికి ఇంజనును విప్పుట తప్ప వేరు మార్గముండదు.

3. పాత జీపులోని నూనెతొట్టి శోధకము

రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యము కొరకు తయారైన విల్లీస్ జీపులోను, దాని సంతతియైన మన పాత జీపులలోను ఉన్నది నూనెతొట్టి శోధకము. మన మెకానిక్కులు దీనిని ఆయిల్ బాత్ అందురు. దీని పని చాల తెలివైనది. గాలి మొదట క్రిందికి దిగి, తొట్టిలోని నూనెపై తాకి, ఒక్కసారిగా పైకి మరలును. గాలి తేలికైనది గనుక మరలగలదు. బరువైన ధూళి మరలలేక నూనెలో పడిపోవును. మిగిలిన ధూళిని నూనెతో తడిసిన తీగెల అల్లిక పట్టుకొనును. కడిగి, క్రొత్త నూనె పోసినచో ఇది ఎన్ని సంవత్సరములైనను పనిచేయును. విడిభాగము కొనవలసిన పని లేదు. పల్లెటూళ్లకు ఇది తగిన సాధనమే.

అయితే దీనికి కొన్ని పరిమితులు కలవు. గాలి వేగముగా పోవునపుడే ధూళి బాగుగా విడిపోవును. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు శోధన తగ్గును. బండి ఎక్కువగా ఒరిగినచో నూనె మట్టము చెదరును. నూనె బురదవలె చిక్కబడినచో అది పనిచేయదు. గుర్తు దాటి నూనె పోయుట మరింత ప్రమాదము. అధికముగా నున్న నూనెను డీజిల్ ఇంజను పీల్చుకొని దానినే ఇంధనముగా మండించుకొనును. అప్పుడు తాళము త్రిప్పినను, డీజిల్ ఆపినను ఇంజను ఆగక, అంతకంతకు వేగము హెచ్చి పగిలిపోవచ్చును. అందువలన గీటువరకే నూనె పోయవలెను.

4. తొంబదియైదునకును తొంబదితొమ్మిదికిని గల భేదము

మంచి స్థితిలో నున్న నూనెతొట్టి శోధకము నూటికి 95 నుండి 98 వంతుల వరకు ధూళిని పట్టుకొనును. మంచి కాగితపు ఫిల్టరు 99 వంతులకు పైగా పట్టుకొనును. వినుటకు ఈ భేదము స్వల్పముగా తోచును. కాని పట్టుకొన్నదానిని గాక, తప్పించుకొనిపోయినదానిని లెక్కింపవలెను. మట్టిబాటపై ముందు ట్రాక్టరు పోవుచుండగా వెనుక జీపు పోవుచున్నదనుకొందము. ఘనమీటరు గాలిలో ఒక గ్రాము ధూళి యున్నదని ఊహింతము. గంటకు 160 గ్రాముల ధూళి శోధకమును చేరును. 95 వంతులు పట్టుకొనిన శోధకమునుండి 8 గ్రాములు లోనికి పోవును. 99 వంతులు పట్టుకొనిన దానినుండి 1.6 గ్రాములు మాత్రమే పోవును. ఇంజను గోడకు ఈ భేదము ఐదింతలు. కావున మన ప్రాంతమున వాయుమార్గమును మార్చదలచినవాడు ఎక్కువ గాలి కొరకు గాక పరిశుభ్రమైన గాలి కొరకు మార్చవలెను.

5. సవరించు క్రమము

మొదటిది, గాలి తీసికొను చోటు. పాత జీపులో శోధకము బానెట్టు క్రింద, రేడియేటరు వెనుక నుండును. అచ్చటి గాలి వేడిది. ఫ్యాను విసరిన దుమ్ము కూడ అందులోనే యుండును. వేసవిలో వెలుపల 40 డిగ్రీలున్నపుడు బానెట్టు క్రింద 70 డిగ్రీలున్నదనుకొనుడు. వాయు నియమము ననుసరించి ఆ గాలి సాంద్రత నూటికి సుమారు 9 వంతులు తగ్గును. వెలుపలి గాలిని తెచ్చినచో బరువు లాగునపుడు నల్లపొగ తగ్గును. ట్రాక్టరును చూడుడు. దాని గాలిగొట్టము ఎత్తుగా నిలబడి, తలపై ఒక గిన్నెను మోయుచుండును. చక్రములు లేపిన దుమ్ము నేలకు దగ్గరగా చిక్కగాను, పైకి పోవుకొలది పలుచగాను ఉండును గనుక ఆ ఎత్తు. తలపైని గిన్నె గాలిని సుడి త్రిప్పి ముతక ధూళిని గోడలకు విసరివేయును. జీపునకు గొట్టమును అద్దము ప్రక్కగా లేపి, ఇట్టి గిన్నెను అమర్చుట మన బాటలకు తగిన సవరణ. శోధకముపై పడు భారము దీనివలన తగ్గును. డ్రైవరు చూపునకు మాత్రము అది అడ్డు రారాదు. వంకలు దాటునపుడు నీరు లోనికి పోకుండుటకును ఈ ఎత్తు తోడ్పడును. సిలిండరులోనికి నీరు చేరినచో అది అణగదు గనుక కనెక్టింగు రాడ్డు వంగిపోవును.

రెండవది, శోధకము. కాగితపు ఫిల్టరు పెట్టదలచినచో ఇంజను పరిమాణమునకు సరిపోవునది, మూత గట్టిగా బిగియునది ఎంచుకొనవలెను. సైలెన్సరు గొట్టపు వేడి సోకని చోట, రబ్బరు దిమ్మలపై దానిని నిలుపవలెను.

మూడవది, గొట్టము. పైన లెక్కించిన 2,700 లీటర్ల గాలి 50 మిల్లీమీటర్ల గొట్టములో సెకనుకు సుమారు 23 మీటర్ల వేగముతో పోవలెను. 63 మిల్లీమీటర్ల గొట్టములో 14 మీటర్లు చాలును. రాపిడి నష్టము వేగపు వర్గమును బట్టి పెరుగును గనుక ఇరుకు గొట్టమును వాడరాదు. మెత్తని గొట్టము పీల్పునకు లోపలికి అణగిపోవును. లోపల తీగెచుట్టు గల రబ్బరు హోసును వాడి, రెండు కొసలను క్లిప్పులతో బిగింపవలెను. రంధ్రము చేసినను, వెల్డింగు చేసినను ఆ లోహపు పొడినంతయు తుడిచిన పిమ్మటనే గొట్టమును కలుపవలెను.

నాల్గవది, అన్నింటికంటె ముఖ్యమైనది, అతుకు. శోధకమునకును ఇంజనుకును నడుమ ఒక్క అతుకు వదులైనను గాలి ఆ సందుగుండా శోధింపబడకయే పోవును. అప్పుడు ఎంత ఖరీదైన ఫిల్టరు పెట్టినను వ్యర్థమే. దీనిని కనుగొను ఉపాయము సులభము. శోధకము దాటిన తరువాతి గొట్టములో లోపలి గోడకు పలుచగా గ్రీజు పూసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట విప్పి చూడవలెను. గ్రీజునకు దుమ్ము అంటియున్నచో ఎచ్చటనో సందు ఉన్నదని గ్రహింపవలెను.

6. నీటిగొట్టముతో పరీక్ష

మార్పువలన మేలు జరిగినదో కీడు జరిగినదో చెవితో తేల్చరాదు, కొలవవలెను. ఇందుకు భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని యు ఆకారపు గొట్టము చాలును. మూడు మీటర్ల పారదర్శకపు గొట్టమును యు ఆకారమున పలకకు కట్టి, ఒక్కొక్క భుజము మీటరుకు పైగా ఉండునట్లు చూచి, సగమువరకు రంగునీరు పోయవలెను. ఒక కొనను శోధకము తరువాతి గొట్టమునకు కలిపి, రెండవ కొనను తెరచియుంచవలెను. ఇంజను పీల్చినపుడు ఒకవైపు నీరు లేచి, రెండవవైపు దిగును. రెండు మట్టముల భేదమే శోధకము కలిగించు అడ్డంకి. టర్బో లేని డీజిల్ ఇంజను పీల్చు గాలి ముఖ్యముగా చుట్ల వేగముపై ఆధారపడును గనుక బండిని నిలిపియుంచియే ఈ కొలత తీయవచ్చును. మార్పునకు ముందును, తరువాతను ఒకే వేగమున కొలిచి పోల్చవలెను. సాధారణముగా భేదము 50 సెంటీమీటర్లు దాటినచో ఫిల్టరు మార్చు సమయము వచ్చినదని భావింతురు.

ఈ కొలత మరియొక సత్యమును తెలుపును. వాతావరణ పీడనము సుమారు పది మీటర్ల నీటి ఎత్తునకు సమానము. శోధకపు అడ్డంకి 20 సెంటీమీటర్లున్నచో అది నూటికి రెండు వంతులే. శోధకమును పీకివేసినవాడు గెలుచుకొనునది ఆ రెండు వంతుల గాలి. వేడి గాలివలన పోవునది తొమ్మిది వంతులు. రెండు వంతుల కొరకు ఇంజనును ధూళికి అప్పగించుట కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లగును.

7. హద్దులు

ఈ వ్యాసములోని మాటలు టర్బో గాని, ఎలక్ట్రానిక్ పరికరములు గాని లేని పాత డీజిల్ జీపులకే చెల్లును. నేటి వాహనములలో గాలిని కొలుచు సున్నితమైన సెన్సరు ఉండును. దానికి నూనెతడి తగిలినను, గొట్టపు ఆకారము మారినను కొలతలు తప్పును. టర్బో గల ఇంజనులో ధూళి మొదట టర్బో రెక్కలనే కోయును. పెట్రోలు జీపులలో కార్బురేటరు గాలి, పెట్రోలుల పాళ్లను కలుపును గనుక శోధకమును మార్చినపుడు ఆ పాళ్లను మరల సరిచూడవలెను.

చట్టమును గూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. ఫిల్టరు మార్చుట వేరు, బండి శరీరమును కోయుట వేరు. పెద్ద మార్పులు తలపెట్టినపుడు ముందుగా రవాణాశాఖ కార్యాలయమున విచారించుట మేలు.

8. దుమ్ము దులుపు చేతులు

చివరకు చెప్పవలసినది మనుష్యుల మాట. కాగితపు ఫిల్టరు నిండినపుడు షెడ్డులో ఒక కుర్రవాడు దానిని గాలిపైపుతో ఊదుచుండును. ఇంజనులోనికి పోకుండ ఆపబడిన ఆ పలుగురాతి పొడి అప్పుడు వాని ముఖము చుట్టును మేఘమువలె లేచును. ఇంజను రింగులను అరగదీసిన రేణువే మనిషి ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. ఆ వ్యాధి చేసిన నష్టమును తిరిగి పూడ్చు మందు లేదు. రాళ్లు కొట్టు పనివారికి ఇది వచ్చునని మన మెరుగుదుము. షెడ్డులోని పిల్లవానికి కూడ ఈ ముప్పు కలదని తలంచువారు తక్కువ.

అందువలన ఫిల్టరును మాటిమాటికి ఊదరాదు. ఇందుకు మరియొక కారణము కూడ కలదు. కాగితముపై కొద్దిపాటి ధూళి పేరుకొన్నపుడు దాని శోధనశక్తి క్రొత్తదానికంటె అధికముగా నుండును. నీటిగొట్టపు కొలత హద్దు దాటినపుడే దానిని విప్పవలెను, వీలైనంతవరకు క్రొత్తది వేయవలెను. ఊదక తప్పనిచో తక్కువ పీడనముతో, లోపలినుండి బయటకు, ఆరుబయట, గాలి వీచు దిక్కునకు వీపు త్రిప్పి, ముక్కునకు మంచి మాస్కు ధరించి ఊదవలెను. నూనెతొట్టి శోధకములో ధూళి నూనెలో తడిసి యుండును గనుక శుభ్రపరచునపుడు ఇట్లు ఎగురదు. ఈ ఒక్క గుణముచేత, చక్కగా కాపాడుకొనువానికి ఆ పాత పద్ధతి నేటికిని త్రోసివేయదగినది కాదు. దాని ముందు ఒక సుడిగిన్నెను చేర్చి, అతుకులు బిగించి, నూనెను సకాలమున మార్చుచున్నచో కాగితపు ఫిల్టరు లేకపోయినను ఇంజను చాలకాలము మన్నును.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురి అన్నలు, మేనమామలు ఈ పనిలోనే జీవించుచున్నారు. మీరు నేర్చిన పీడనము, సాంద్రత, నూటి వంతులు అను పాఠములు వారి షెడ్డులో నిత్యము పనికివచ్చునవే. యు గొట్టమును ఒకదానిని కట్టి వారికి చూపుడు. కళాశాల కమిటీవారు ప్రయోగశాలలో ఇట్టి ప్రదర్శనను ఏటేట ఒకనాడు ఏర్పాటుచేసి, చుట్టుప్రక్కల మెకానిక్కులను ఆహ్వానించి, షెడ్డు కుర్రవాండ్రకు మాస్కులు పంచినచో, దానివలన మన ఊరి ఇంజనులకును, ఆ పిల్లల ఆరోగ్యమునకును మేలు కలుగును.